విండోస్‌ని ఫ్రీగా యాక్టివేట్ చేస్తున్నారా..? యాంటీవైరస్ ఆపమని అడిగితే అక్కడే ఆగిపోండి!

కంప్యూటర్‌లో కొత్తగా విండోస్ వేయించారు. స్క్రీన్ కింద కుడి మూలన 'యాక్టివేట్ విండోస్' అన్న అక్షరాలు లేతగా కనిపిస్తూనే ఉన్నాయి. ఏం చేస్తాం? యూట్యూబ్‌లో వెతుకుతాం. రెండు నిమిషాల వీడియో, దాని కింద ఒక లింక్. డౌన్‌లోడ్ చేసి క్లిక్ కొడితే చాలు.. ఆ అక్షరాలు మాయం! పైసా ఖర్చు లేకుండా పనైపోయింది అనుకుంటాం. కానీ ఆ క్లిక్‌తోనే కంప్యూటర్ వేరేవాళ్ల చేతిలోకి వెళ్లిన కేసులు చాలానే ఉన్నాయి.

28 లక్షల కాపీలు..

దక్షిణ కొరియా పోలీసులు 2025 డిసెంబర్‌లో బయటపెట్టిన కేసే చూడండి. లిథువేనియాకు చెందిన 29 ఏళ్ల వ్యక్తి.. 'కేఎంఎస్ ఆటో' అనే యాక్టివేషన్ టూల్ పేరుతో మాల్‌వేర్‌ని నెట్‌లో వదిలాడన్నది ఆరోపణ. 2020 ఏప్రిల్ నుంచి 2023 జనవరి మధ్య ప్రపంచవ్యాప్తంగా సుమారు 28 లక్షల కాపీలు జనంలోకి వెళ్లాయట. అందులో దాగి ఉన్నది 'క్లిప్పర్' రకం మాల్‌వేర్. క్రిప్టో కరెన్సీ పంపడానికి మీరు వాలెట్ అడ్రస్ కాపీ చేస్తారు. పేస్ట్ చేసేలోపే దాని స్థానంలో దొంగ అడ్రస్ వచ్చి కూర్చుంటుంది. ఆ అడ్రస్ చాంతాడంత ఉంటుంది. ఒక్కో అక్షరం సరిచూసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? అలా 3,100 అడ్రస్‌ల నుంచి 8,400 సార్లు డబ్బు దారి మళ్లింది. మొత్తం సుమారు 170 కోట్ల వాన్, అంటే దాదాపు 12 లక్షల డాలర్లు. నిందితుడు జార్జియాలో దొరికాడు. అక్కడి నుంచి కొరియాకు తీసుకొచ్చారు.

మా దగ్గర క్రిప్టో లేదు కదా అంటారా? అమెరికా సెక్యూరిటీ సంస్థ రెడ్ కెనరీ 2021 డిసెంబర్‌లో ఇంకో సంగతి చెప్పింది. 'కేఎంఎస్ పికో' పేరుతో తిరుగుతున్న ఒక ఇన్‌స్టాలర్‌లో 'క్రిప్ట్‌బాట్' అనే దొంగ ప్రోగ్రామ్ ఉంది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు, కార్డు వివరాలు.. అన్నీ ఊడ్చుకుపోతుంది. తమాషా ఏంటంటే, అందులో యాక్టివేషన్ టూల్ కూడా నిజంగానే ఇన్‌స్టాల్ అవుతుంది. అడిగిన పని జరిగిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అసలు ఇవి ఎలా పనిచేస్తాయి?

కేఎంఎస్ అంటే 'కీ మేనేజ్‌మెంట్ సర్వీస్'. ఇది మైక్రోసాఫ్ట్ తయారుచేసిన పద్ధతే. వందల కంప్యూటర్లున్న కంపెనీలు ఒక్కోదానికీ విడిగా కీ కొట్టకుండా ఆఫీసులోనే ఒక సర్వర్ పెట్టుకుంటాయి. ప్రతి కంప్యూటర్ దాన్ని పలకరించి 180 రోజులకు యాక్టివేషన్ తీసుకుంటుంది, మధ్యమధ్యలో రెన్యూవల్ చేసుకుంటుంది. క్రాక్ టూల్స్ చాలావరకు మీ కంప్యూటర్‌లోనే ఒక ఉత్తుత్తి సర్వర్‌ని కూర్చోబెట్టి విండోస్‌ని నమ్మిస్తాయి.

దీనికి అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ కావాలి. గడువు అయ్యేలోపు రెన్యూవల్ కోసం మళ్లీ మళ్లీ తనంతట తానే రన్ అవ్వాలి. యాంటీవైరస్ దీన్ని 'హ్యాక్‌టూల్' అని పట్టేస్తుంది కాబట్టి దాన్నీ ఆపాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. వైరస్‌కి కావాల్సినవి కూడా సరిగ్గా ఈ మూడే! యాంటీవైరస్ గోల పెట్టినా 'క్రాక్ కదా, అలాగే అంటుందిలే' అని మనకు మనమే సర్దిచెప్పుకుని తలుపు తీస్తాం. జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఇస్తే మరీ జాగ్రత్త. స్కానర్ లోపలికి తొంగి చూడకుండా అది తాళం.

ఓటీపీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న మెయిల్ తాలూకు కుకీ దొంగ చేతిలో పడితే, చాలాసార్లు పాస్‌వర్డ్‌తో గానీ ఓటీపీతో గానీ వాడికి పనే ఉండదు. యుద్ధంలో ఉన్న యుక్రెయిన్‌లో అయితే రష్యా మిలిటరీ ఇంటెలిజెన్స్‌కి చెందిన 'శాండ్‌వార్మ్' హ్యాకర్లు కూడా ఈ టూల్స్‌నే ఎరగా వేశారని ఎక్లెక్టిక్ ఐక్యూ సంస్థ 2025 ఫిబ్రవరిలో తెలిపింది.

అసలు క్రాక్ అవసరమే లేకపోవచ్చు..

చాలామందికి తెలియని విషయం ఇది. విండోస్‌తో పాటు కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ఫార్మాట్ చేసినా, అదే ఎడిషన్ వేస్తే నెట్ కనెక్ట్ కాగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కొన్నిచోట్ల రిపేర్ షాపుల్లో 'హోమ్' ఉన్న ల్యాప్‌టాప్‌కి 'ప్రో' వేసేసి, అది యాక్టివేట్ అవ్వట్లేదని క్రాక్ కొట్టి ఇస్తారు. డబ్బులు పెట్టి కొన్న లైసెన్స్ ఉండగానే దొంగ లైసెన్స్ అన్నమాట. కాబట్టి ఫార్మాట్‌కి ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ ఎడిషనో ఫోటో తీసి పెట్టుకోండి.

యాక్టివేట్ కాని విండోస్ ఆగిపోదు. వాల్‌పేపర్, థీమ్‌ల సెట్టింగ్స్ లాక్ అవుతాయి, మూలన ఆ అక్షరాలు ఉంటాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తూనే ఉంటాయి. నిబంధనల ప్రకారం లైసెన్స్ కొనాల్సిందే అనుకోండి.. అయినా క్రాక్ కంటే ఇదే నయం. ఆఫీస్ కోసమైతే లిబ్రే ఆఫీస్ పూర్తిగా ఉచితం. మన దగ్గర కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం, పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ అని తెలిసి వాడటం కూడా నేరమే.

ఇప్పటికే వాడేశారా..?

ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు మార్చకండి. కొత్తవి కూడా దొంగకే చేరతాయి. ఫోన్‌లోంచి మార్చండి. ముందు మెయిల్, ఆ తర్వాత బ్యాంకు. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ కొట్టండి. టూల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు, దాంతోపాటు వచ్చింది లోపలే ఉండిపోవచ్చు. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బ్యాకప్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసిన విండోస్‌ని మళ్లీ కొత్తగా వేయించండి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం అంత ఎక్కువ.