పదిమందికి ఒక పుల్లరు

మోటారు సైకిలు గలవారి యింట పానాలు, స్క్రూడ్రైవరు ఎట్లును ఉండును. పుల్లరు వంటి ప్రత్యేక సాధనముల సంగతి వేరు.

1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైన యమహా ఆర్.ఎక్స్.100 బండిని చూడుడు. దాని మాగ్నెటో చక్రము, కొస సన్నగిలిన ఇరుసుపై గట్టిగా బిగిసి యుండును. సుత్తితో కొట్టినచో ఇరుసు కొస చెడును, చక్రమును పగులవచ్చును. పుల్లరును చక్రపు మరచుట్లలో బిగించి నడిమి బోల్టును త్రిప్పినచో, అది ఇరుసును నెట్టుచు చక్రమును వెలుపలికి లాగును.

ఈ పని ఏ కొన్నేండ్లకో ఒకసారి వచ్చును. ఒకే రకపు బండి గల పదిమంది కలిసి ఒక పుల్లరు కొనినచో చాలును. బండిని బట్టి మరచుట్ల కొలత మారును గనుక, వేరొక బండికి బలవంతముగా బిగింపరాదు. తీసుకొనినవారి పేరు పుస్తకమున వ్రాయవలెను. తుడిచి, నూనె రాసి తిరిగి యీయవలెను. మరచుట్లు చెడినచో దాచక చెప్పవలెను. దాచిన లోపము మిత్రుని ఇంజనునకు చేటు.