నీళ్లు గులాబీ రంగులోకి మారేదాకా...

గ్లాసులో చేతివేళ్లు ముంచమన్నారు. ముంచాడు. అప్పటిదాకా మామూలుగా ఉన్న నీళ్లు చూస్తుండగానే గులాబీ రంగులోకి మారిపోయాయి. గంట క్రితం దాకా అదే చేత్తో సంతకాలు పెట్టిన ఉద్యోగి, ఇప్పుడు నిందితుడు!

'ఏసీబీ వలలో...' అంటూ మొదలయ్యే ఇలాంటి వార్తలు మనకి కొత్తేం కాదు. చదివి, 'తగిన శాస్తి జరిగింది' అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ వ్యవహారం ఆ గ్లాసు దాకా ఎందుకొచ్చింది? అసలు రాకుండా ఆపలేమా?

పొడి చేసే పని

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. ఇన్నేళ్లలో ఎన్ని మారినా దాని ప్రధాన ఆయుధం మాత్రం ఓ తెల్లటి పొడే. పేరు ఫినాఫ్తలీన్. బాధితుడు ఫిర్యాదు చేశాక అధికారులు ముందు అందులో నిజమెంతో ఆరా తీస్తారు. తరవాత అతడు తెచ్చిన నోట్ల నంబర్లన్నీ మధ్యవర్తుల సమక్షంలో రాసుకుంటారు. ఈ మధ్యవర్తులు సాధారణంగా వేరే శాఖల్లోని ప్రభుత్వ ఉద్యోగులే. ఆ నోట్లకు పొడి రాస్తారు. అది కంటికి కనపడదు. నోటు పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్... అదే, మన చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచితే మాత్రం గుట్టు రట్టవుతుంది. జేబులో పెట్టుకుంటే చొక్కా జేబు, డ్రాయర్లో పడేస్తే డ్రాయరు- అన్నిటినీ అలాగే పరీక్షిస్తారు. అన్నట్టు, ఈ ఫినాఫ్తలీన్ ఒకప్పుడు విరేచనాల మందు. తిన్నది బయటపెట్టించడం దానికి మొదట్నుంచీ అలవాటే!

'నా పని ఆగిపోతే..?'

వల ఎంత గట్టిదైనా వేయమని అడిగేవాడు ఉండాలి. మనలో చాలామంది అక్కడే ఆగిపోతాం. ఇచ్చిన డబ్బు పోతుందేమో, పని మూలన పడుతుందేమో, కోర్టుల చుట్టూ తిరగాలేమో... ఇవీ భయాలు. నిజానికి వల వేయడానికి వాడిన సొమ్మును ఫిర్యాదుదారుకు తిరిగి చెల్లిస్తారు. న్యాయంగా జరగాల్సిన పని జరిగేలానూ చూస్తామంటారు ఏసీబీ అధికారులు. తెలంగాణలో అయితే 1064కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

అసలు తెలుసుకోవాల్సిన సంగతి వేరే ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. తీసుకున్నవారికి మూడు నుంచి ఏడేళ్ల జైలు ఎటూ ఉంది. ఇప్పుడు ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే, ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. ముందే చెప్పి, వాళ్ల సూచన ప్రకారం ఇస్తే నేరం కాదు. 'ఏదో చేతులు తడిపి బయటపడ్డాం' అని పెళ్లిళ్లలో, రైళ్లలో గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ ఏడు రోజుల లెక్క గుర్తుపెట్టుకోవాలి మరి.

కేసు నిలబడుతుందా అన్నది ఇంకో సందేహం. కరెంటు మీటరు కోసం లంచం అడిగారన్న ఓ దిల్లీ కేసులో, విచారణలో సాక్ష్యం చెప్పకముందే ఫిర్యాదుదారు చనిపోయాడు. ఆ వ్యవహారంలోనే 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఫిర్యాదుదారు లేకపోయినా, మాట మార్చినా ఇతర ఆధారాలతో నేరం రుజువు చేయొచ్చని చెప్పింది. కానీ ఉద్యోగి లంచం అడిగాడనీ, తీసుకున్నాడనీ రుజువు కావాల్సిందే. అడిగినట్టు రుజువు కాలేదంటూ 2023 మార్చిలో అదే కేసును కొట్టేశారు. చేయి గులాబీ రంగైతే సరిపోదన్నమాట.

ఆలస్యానికో ధర

ఇంతకీ మనం లంచం ఇచ్చేది దేనికి? తప్పుడు పని చేయించుకోవడానికే అనుకుంటే పొరపాటు. చాలాసార్లు మనకు హక్కుగా రావాల్సినదాని కోసమే ఇస్తాం. 1964లోనే సంతానం కమిటీ ఈ విషయం చెప్పింది. ఫైలు కదలడానికి ఇచ్చే సొమ్ముకి 'స్పీడ్ మనీ' అని పేరుండటాన్నీ ఎత్తిచూపింది. ఆ కమిటీ సిఫార్సుతోనే కేంద్ర విజిలెన్స్ కమిషన్ వచ్చింది.

మా ఇంటి సంగతే చెబుతాను. ఇంటి కాగితాల్లో పేరు మార్పు కోసం నాన్న ఓ ఆఫీసుకి దరఖాస్తు పెట్టారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రెండు నెలలు తిరిగాక 'సంతకం అయిపోయింది సార్, సీలు వేయాలంతే. మీరు కాస్త చూసుకుంటే...' అన్నాడు గుమాస్తా. ముప్ఫై ఏళ్లు సర్కారు కొలువు చేసిన మనిషి, ఇంటికొచ్చి అన్నం తినలేదు. డబ్బు గురించి కాదు ఆయన బాధ. 'నన్నే అడిగాడ్రా' అని!

ఇక్కడ ఉన్నది ఒక్క దురాశపరుడే కాదు. ఫైలు ఎన్నాళ్లు దగ్గర పెట్టుకున్నా ఎందుకని అడగని పద్ధతి కూడా ఉంది. గులాబీ నీళ్లు మనిషిని పట్టుకుంటాయి. పద్ధతిని పట్టుకోలేవు.

కంప్యూటర్ వచ్చినా...

ఈ పద్ధతిని మార్చే ప్రయత్నాలు మన దగ్గర చాలానే జరిగాయి. 1998లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లతో రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. అంతకు ముందు దస్తావేజుల్ని పెద్ద పెద్ద పుస్తకాల్లో చేత్తో ఎక్కించేవారు. ఆస్తి విలువ కట్టేదీ మనుషులే. కంప్యూటర్‌తో ఆ పని వేగం పుంజుకుంది. 2001లో ఈ-సేవ వచ్చి బిల్లుల క్యూల్ని తగ్గించింది. 2011లో మొదలైన మీ-సేవ ధ్రువపత్రాలను డిజిటల్ సంతకంతో చేతికిచ్చింది. అంటే సంతకం పెట్టే అధికారి ముందు మనం నిలబడక్కర్లేదు. ఇద్దరూ ఎదురుపడకపోతే బేరం కష్టమే కదా.

మరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల మీద ఏసీబీ దాడుల వార్తలు ఇంకా ఎందుకొస్తున్నాయి? తెర మీద పని చకచకా అవుతుంది. గుమ్మం దగ్గర మధ్యవర్తి మాత్రం అక్కడే ఉన్నాడు. కాగితాల్లో వంక పెట్టాలో వద్దో తేల్చే చోట ఇంకా మనిషే ఉన్నాడు. అందుకే ఆఫీసు లోపల చేయాల్సిన చిన్నచిన్న పనులకే ఎక్కువ విలువ అనిపిస్తుంది. వచ్చిన వరసలోనే దరఖాస్తులు చూడటం, తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసివ్వడం, డబ్బు చేతులు మారే అవకాశమున్న సీట్లో ఎవరినీ ఏళ్ల తరబడి ఉంచకపోవడం... కొన్నిచోట్ల ఉద్యోగులు ఉదయం రాగానే తమ జేబులో ఎంత ఉందో రిజిస్టర్లో రాయాలి. సాయంత్రం తనిఖీకి వచ్చినవారికి లెక్క తేలాలి. ఏటా అక్టోబరు చివర్లో విజిలెన్స్ వారోత్సవాలప్పుడు చేయించే ప్రతిజ్ఞ కన్నా ఈ రిజిస్టరే నయం.

బయట ఉన్న మనకీ ఓ ఆయుధం ఉంది. సమాచార హక్కు చట్టం, 2005. 'నా దరఖాస్తు ఏ రోజున ఎవరి దగ్గరుంది? ఎన్నాళ్లుంది? ఎందుకు?' అని అడగొచ్చు. జవాబుకి 30 రోజుల గడువు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకి రూ.250 చొప్పున, రూ.25 వేల దాకా జరిమానా పడొచ్చు. అదీ సంబంధిత అధికారి జేబులోంచే.

నాన్న ఏసీబీకి వెళ్లనన్నారు. 'వాడికీ పిల్లలుంటారు' అన్నారు. నేను వాదించాను కానీ వినలేదు. చివరికి పది రూపాయలు కట్టి ఆ మూడు ప్రశ్నలూ తెల్ల కాగితం మీద రాసిచ్చి వచ్చారు. పన్నెండో రోజున సీలుతో సహా కాగితం ఇంటికొచ్చింది. మూడు ప్రశ్నలకి జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు. అప్పీలు రాస్తున్నారాయన.