మంగు మచ్చలు – మన జాగ్రత్తలు



మన చిట్యాల మండలంలో ఏ ఊరికి పోయినా ఈ మాట వినిపిస్తుంది. "అక్కా, మొఖమంతా మంగు కమ్మింది. ఏం రాసుకోవాలె?" పత్తి ఏరే చోట అడుగుతారు. నాటు వేసే చోట అడుగుతారు. సంఘం మీటింగులో అడుగుతారు. ఒకరు నిమ్మరసం రాయమంటారు. ఒకరు ట్యూబు పేరు చెబుతారు. ఇంకొకరు "ఎవరిదో దిష్టి తగిలింది" అంటారు.

మంగు అంటే ఏమిటి? ఎందుకు వస్తుంది? ఏం చేస్తే తగ్గుతుంది? ఏం చేస్తే ముదురుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మంగును ఎట్లా గుర్తుపట్టాలి?

మంగు ఎక్కువగా చెంపల మీద, నుదుటి మీద, ముక్కు మీద, పై పెదవి మీద వస్తుంది. మచ్చ గోధుమ రంగులో గానీ నల్లగా గానీ ఉంటుంది. ఒక చెంప మీద ఎట్లా ఉంటే రెండో చెంప మీద కూడా దాదాపు అట్లాగే ఉంటుంది. దురద ఉండదు. నొప్పి ఉండదు. పొట్టు రాలదు. డాక్టర్లు దీన్ని "మెలాస్మా" అంటారు.

మంగు అంటువ్యాధి కాదు. ఒకే తువ్వాల వాడినా, ఒకే మంచం మీద పడుకున్నా అంటదు. ఇది మురికి కూడా కాదు. కాబట్టి సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా పోదు. గట్టిగా రుద్దితే చర్మం పుండై ఇంకా నల్లబడుతుంది. మంగు వల్ల ప్రాణానికి అపాయం లేదు. దిష్టికీ, పాపానికీ దీనితో సంబంధం లేదు.

మంగు ఎందుకు వస్తుంది?

మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఉంటాయి. ఆ రంగు పేరు మెలనిన్. ఎండ నుండి చర్మాన్ని కాపాడడమే దాని పని. అది చర్మానికి గొడుగు లాంటిది. కొందరికి మొఖం మీద కొన్ని చోట్ల ఈ రంగు మోతాదు కంటే ఎక్కువ తయారవుతుంది. అదే మంగు. దీనికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది ఎండ. మన పనులన్నీ ఎండలోనే. నాటు, కలుపు, పత్తి, మిరపకాయ ఏరడం, అన్నీ నెత్తి మీద పొద్దు ఉండగానే చేస్తాం. మడిలో వంగి నాటు వేస్తుంటే నీళ్ల మీద పడిన ఎండ కూడా కొంత మొఖానికి కొడుతుంది. మబ్బు పట్టినా ఎండలోని కిరణాలు కొన్ని మనల్ని తాకుతూనే ఉంటాయి.

రెండవది హార్మోన్లు. ఇవి మన ఒంట్లోనే తయారై రక్తంలో కలిసే రసాయనాలు. కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్లలో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు చాలామందికి మంగు వస్తుంది. కాన్పు అయ్యాక కొన్ని నెలలకు కొందరికి దానంతట అదే తగ్గుతుంది. కొందరికి ఉండిపోతుంది. పిల్లలు కాకుండా వాడే మాలా-డి వంటి మాత్రల వల్ల కూడా కొందరికి రావచ్చు. అట్లా అని మాత్రలు మీకు మీరే ఆపకండి. ఏ.ఎన్.ఎం. అక్కతో మాట్లాడండి. కాపర్-టి లో హార్మోన్లు ఉండవు. మీకు ఏది సరిపోతుందో ఆమె చెబుతుంది.

మూడవది వంశం. తల్లికి, అక్కకు ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ.

ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది గానీ మగవాళ్లకూ వస్తుంది.

ప్రతి మచ్చా మంగు కాదు

మచ్చ పాలిపోయి గానీ, ఎర్రగా గానీ ఉండి, అక్కడ గిచ్చినా తెలియకపోతే ఆలస్యం చేయకండి. అది కుష్ఠు కావచ్చు. సిగ్గుపడే పని లేదు. 6 నెలల నుండి 12 నెలలు మందులు వాడితే నయమవుతుంది. ఆ మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం. గుండ్రంగా ఉండి అంచున దురద పెట్టేది తామర కావచ్చు. మచ్చ త్వరగా పెరిగినా, రక్తం కారినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఎండను ఆపితే సగం మందు

మంగుకు ఎంత మంచి మందు వాడినా, ఎండ తగులుతుంటే మచ్చ మళ్లీ వస్తుంది. అందుకే ముందు ఎండను ఆపాలి. దీనికి పెద్దగా పైసలు అక్కర లేదు.

పనికి పోయేటప్పుడు నెత్తికి తువ్వాల కట్టుకుంటాం. కానీ నుదురు, చెంపలు బయటే ఉంటాయి. తువ్వాలను కొంచెం ముందుకు లాగి నుదురు కప్పాలి. ఒక కొస చెంపల మీదుగా తిప్పి కట్టాలి. ఊపిరి ఆడేటట్టు వదులుగా ఉండాలి. దగ్గరగా నేసిన నూలు గుడ్డ మంచిది. పలుచని గుడ్డలో నుండి ఎండ దిగుతుంది. తువ్వాల పైన వెడల్పు అంచు టోపీ పెట్టుకుంటే ఇంకా మంచిది. నడిచేటప్పుడు గొడుగు పట్టుకోవాలి. వీలైతే పొద్దున్నే పని మొదలుపెట్టి, ఎండ ముదిరే వేళకు చెట్టు నీడకు చేరాలి.

పొయ్యి సెగ కూడా మంగును పెంచవచ్చు. కట్టెల పొయ్యి మీద వండేటప్పుడు మొఖం మంటకు దగ్గరగా పెట్టకండి.

కొనగలిగినవారు ఎండ నుండి కాపాడే సన్‌స్క్రీన్ క్రీము వాడవచ్చు. దాని మీద ఎస్.పి.ఎఫ్. 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. పొద్దున రాసుకుంటే సాయంత్రం దాకా ఉండదు. చెమటకు పోతుంది. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి రాసుకోవాలి. క్రీము రాసినా తువ్వాల మానకూడదు.

ఆ ట్యూబు సంగతి ఏమిటి?

ఇది అన్నిటికంటే ముఖ్యం. జాగ్రత్తగా చదవండి.

ఒక అక్క మెడికల్ షాపుకు పోయి "మంగుకు మందు ఇయ్యి" అని అడిగింది అనుకుందాం. డాక్టరు చీటీ లేదు. అతను ఒక చిన్న ట్యూబు ఇచ్చాడు. రాసుకుంటే పది, పదిహేను రోజుల్లో మొఖం తెల్లబడింది, నున్నగా అయింది. అక్క సంతోషపడింది. పక్కింటి చెల్లెకు కూడా ఆ పేరే చెప్పింది.

కొన్ని నెలలు గడిచాయి. చర్మం ఉల్లిపొరలాగా పలుచబడింది. ఎర్రబడింది. ఎండలోకి పోతే మంట. మొటిమలు లేచాయి. చెంపల మీద సన్నని రక్తనాళాలు కనబడుతున్నాయి. మొఖం మీద వెంట్రుకలు వచ్చాయి. ట్యూబు ఆపితే మంట ఎక్కువైంది. మంగు మళ్లీ వచ్చింది. భయపడి మళ్లీ ట్యూబు కొన్నది.

ఎందుకు ఇట్లా అయింది? ఆ ట్యూబులో స్టిరాయిడ్ అనే మందు ఉంది. అది కొన్ని చర్మ రోగాలకు పనికివచ్చే మందే. కానీ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. తెల్లబడడానికి మొఖానికి రోజూ రాయకూడదు. మన దేశంలో ఇట్లా నష్టపోయినవారు చాలామంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాల్సిన మందుల్లో చేర్చింది.

పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములతో ఇంకో ప్రమాదం ఉంది. కొన్నిటిలో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి దిగి కిడ్నీలను చెడగొడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇట్లాంటి క్రీములు వాడిన కొందరికి కిడ్నీ జబ్బు వచ్చిందని డాక్టర్లు కనుగొన్నారు.

మనం ఇప్పుడు చదవడం నేర్చుకున్నాం. ఆ చదువు ఇక్కడ అక్కరకు వస్తుంది. ట్యూబు కొనేముందు తిప్పి చూడండి.

పెట్టె మీద నిలువుగా ఎర్ర గీత ఉందా? ఉంటే అది డాక్టరు చీటీ మీద కొనాల్సిన మందు.

తయారైన తేదీ, గడువు తేదీ, ధర, తయారుచేసినవారి చిరునామా ఉన్నాయా? లేకపోతే కొనవద్దు.

మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. బడికి పోయే బిడ్డతో చదివించండి. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు ఉంటే అవి స్టిరాయిడ్లు.

ఇప్పటికే అట్లాంటి ట్యూబు వాడుతుంటే భయపడకండి. ఆ ట్యూబును వెంట తీసుకొని డాక్టరు దగ్గరికి పోండి. ఎట్లా మాన్పించాలో డాక్టరుకు తెలుసు.

ఇంటి వైద్యం చేయవచ్చా?

నిమ్మరసం రాసి ఎండలోకి పోతే చర్మం కాలినట్టయి నల్లటి మచ్చ పడుతుంది. జీడిగింజ రసం, సున్నం, పళ్ల పేస్టు రాస్తే బొబ్బలు లేస్తాయి. ఇవి మొఖానికి అసలే రాయవద్దు.

డాక్టరు ఏం చేస్తారు?

ముందు మన దగ్గరి ప్రభుత్వ దవాఖానలో చూపించుకోండి. అవసరమైతే వరంగల్ ఎం.జి.ఎం. దవాఖానకు పోవచ్చు. అక్కడ చర్మ రోగాల విభాగం ఉంది. డాక్టరు మచ్చను చూసి రాత్రిపూట రాసుకునే మందు ఇస్తారు. హైడ్రోక్వినోన్ అనే మందు మచ్చ రంగును తగ్గిస్తుంది. కానీ అది కొన్ని నెలలే వాడాలి. ఏండ్ల తరబడి వాడితే చర్మం నీలినలుపుగా మారవచ్చు. ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మాత్రలు కొందరికే ఇస్తారు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి అవి ప్రమాదం. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వాడకూడదు.

కడుపుతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని మందులు వారికి ఇవ్వరు. కాన్పు అయ్యేదాకా ఎండ తగలకుండా చూసుకుంటే చాలని చెప్పవచ్చు.

మంగు వారంలో పోదు. మార్పు కనబడడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. కొందరికి పూర్తిగా పోదు, పలుచబడుతుంది. "వారంలో తెల్లబడతావు" అని ఎవరైనా అంటే ఆ మందును అనుమానించండి. మందు వాడాలా వద్దా అనేది మీ ఇష్టం. వాడకపోయినా ఆరోగ్యానికి నష్టం లేదు. మంగు ఉందని పెండ్లికీ, మీటింగుకూ పోకుండా ఇంట్లో కూర్చోకండి. ఎవరైనా వంక పెడితే ఈ పాఠం చదివి వినిపించండి.

గుర్తుంచుకోండి

1. మంగు అంటదు. రుద్దితే పోదు.
2. ఎండ తగలకుండా మొఖం కప్పుకోవాలి.
3. డాక్టరు చీటీ లేకుండా మొఖానికి ట్యూబు రాయకూడదు.
4. గిచ్చినా తెలియని మచ్చ ఉంటే వెంటనే దవాఖానకు పోవాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో మొఖానికి రాసుకునే ట్యూబు ఉందా? రేపు కేంద్రానికి తీసుకురండి. అందరం కలిసి దాని మీద ఏముందో చదువుదాం.
2. పనికి పోయేటప్పుడు తువ్వాల ఎట్లా కడితే నుదురు, చెంపలు కప్పుకుంటాయి? ఒకరికొకరు కట్టి చూపండి.