చెప్పేది, చేసేది ఒకటైతే

మా తెలుగు బడిలో మొదటి రోజే పిల్లలకు ఒక నియమం చెబుతాం: "క్లాసులో అందరూ తెలుగులోనే మాట్లాడాలి." పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తాం కూడా. కిందటి సంవత్సరం ఒక ఆదివారం క్లాసు అయిపోయాక, మేము నలుగురు వాలంటీర్లం కుర్చీలు సర్దుతూ ఉగాది పాట్‌లక్ గురించి మాట్లాడుకుంటున్నాం. ఏడేళ్ళ పాప ఒకతి వాళ్ళమ్మ కోసం ఎదురు చూస్తూ మా వైపే చూస్తోంది. కాసేపాగి, "అంకుల్, మీరు క్లాసులో మాత్రమే తెలుగు మాట్లాడతారా?" అని అడిగింది. పది నిమిషాలుగా మేము మాట్లాడుకుంటున్నది ఇంగ్లీషని అప్పుడు గానీ మాకు తెలియలేదు!

ఆ పాప ఎగతాళిగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. అందుకే మాకు జవాబు దొరకలేదు.

మన పెద్దలు ఈ విషయానికి ఒక చక్కని మాట వాడేవారు: త్రికరణశుద్ధి. పిల్లలూ, 'త్రి' అంటే మూడు, 'కరణం' అంటే సాధనం. మనసు, మాట, శరీరం - ఇవీ ఆ మూడు సాధనాలు. మనసులో అనుకున్నదే నోటితో చెప్పడం, నోటితో చెప్పినదే చేతులతో చెయ్యడం త్రికరణశుద్ధి. వినడానికి తేలికే. చెయ్యడానికి ఎంత కష్టమో తెలియాలంటే ఒకసారి రాజమండ్రి వెళ్ళిరావాలి.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848-1919) అక్కడ ఉపాధ్యాయుడు. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లలకు మళ్ళీ పెళ్ళి చెయ్యాలని 1879లో ఉపన్యాసం ఇచ్చారు. ఉపన్యాసంతో ఆగిపోయి ఉంటే ఆయనకు పెద్ద ఇబ్బంది వచ్చేది కాదేమో. కానీ 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే గౌరమ్మ అనే బాలవితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో పెళ్ళి జరిపించారు. దాంతో ఊళ్ళో పెద్దలు ఆయన కుటుంబాన్ని వెలివేశారు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రామన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, తానే వంట చేసి ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టారు. పంతులుగారి మాట నిలబడిందంటే ఆ తల్లి మోసిన బిందె కూడా కారణమే.

అదే విషయం మీద గురజాడ అప్పారావుగారు మనకు ఇంకో మనిషిని చూపించారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం కూడా వితంతు వివాహాల గురించి అద్భుతంగా మాట్లాడతాడు. ఇంగ్లీషు ధారాళంగా దొర్లిస్తాడు. అయితే ఆ మాటలన్నీ తన స్వార్థం కోసమే. ఆశయం ఒకటే, మాటలూ దాదాపు ఒకటే. పంతులుగారికీ గిరీశానికీ తేడా ఎక్కడుంది? చేతల్లో ఉంది. గిరీశాన్ని చూసి మనం నవ్వుతాం గానీ, నిజం చెప్పుకోవాలంటే మనందరిలోనూ కొంచెం గిరీశం ఉన్నాడు.

"అబద్ధం ఆడకూడదు" అని పిల్లలకు చెబుతాం. ఫోను మోగితే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అంటాం. "ఎప్పుడూ ఆ ఐప్యాడేనా?" అని కోప్పడతాం. భోజనాల దగ్గర మన చేతిలో ఫోను ఉంటుంది. "పెద్దవాళ్ళను గౌరవించాలి" అంటాం. ఇండియాలో ఉన్న అమ్మకు ఫోను చేసి రెండు వారాలవుతుంది.

మేము సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళం కాబట్టి మాకు తెలిసిన పోలిక ఒకటి చెబుతాం. ప్రోగ్రాం ఏం చెయ్యాలో ముందుగా డాక్యుమెంటులో అందంగా రాసుకుంటాం. కానీ కంప్యూటర్ ఆ డాక్యుమెంటును చదవదు. కోడ్‌లో ఏముంటే అదే చేస్తుంది. పిల్లలూ అంతే. మన నీతివాక్యాలు డాక్యుమెంటు, మన నడవడి కోడ్. వాళ్ళు నేర్చుకునేది ఎక్కువగా కోడ్ నుంచే.

అలాగని ఒక్క తప్పూ చెయ్యకూడదని కాదు. తప్పు జరిగినప్పుడు "అవునమ్మా, నేను చెప్పింది ఒకటి, చేసింది ఒకటి" అని ఒప్పుకోవడం కూడా త్రికరణశుద్ధిలో భాగమే. చెయ్యలేని పది నియమాలు పెట్టడం కన్నా, చెయ్యగలిగిన ఒక్కటి పెట్టుకుని ఇంటిల్లిపాదీ పాటించడం మేలు. "పిల్లలు మాత్రమే" అనే నియమం ఇంట్లో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఆ పాప ప్రశ్నకు మేము ఆలస్యంగానైనా ఒక జవాబు వెతుక్కున్నాం. ఈ సంవత్సరం గోడ మీద కాగితంలో "అందరూ" పక్కన "టీచర్లు కూడా" అని చేర్చాం. బల్ల మీద ఒక ఆవకాయ సీసా పెట్టాం - ఖాళీదే లెండి! బడి ఆవరణలో ఎవరు ఇంగ్లీషులోకి జారినా అందులో ఒక క్వార్టర్ వెయ్యాలి. లెక్క చూసే బాధ్యత ఆ పాపదే.

ఇప్పటివరకు ఆ సీసాలో పడినవాటిలో ఎక్కువ మావే. అయినా పర్వాలేదు, వారం వారం తగ్గుతున్నాయి. మీ ఇంట్లోనూ ఒక సీసా పెట్టి చూడండి. లెక్క మాత్రం పిల్లలకు అప్పగించండి!