ట్రాక్టర్ లాగడం లేదా? టర్బో బిగించాలా, ఇంజిన్ మార్చాలా – నిర్ణయానికి ముందు చూడాల్సిన విషయాలు

ఖరీఫ్ దమ్ములు దగ్గర పడుతున్నాయంటే రైతు సోదరుల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సార్, బండి పాతదైంది, రోటవేటర్ వేస్తే లాగడం లేదు. మెకానిక్ టర్బో బిగిస్తానంటున్నాడు. ఇంకొకాయన పెద్ద ఇంజిన్ ఎక్కిస్తే సరిపోతుందంటున్నాడు. ఏది చేయమంటారు?" ఫోన్లలో కార్ల ఇంజిన్లకు టర్బో బిగించే వీడియోలు వస్తుండటంతో ఈ ఆలోచన ఇంకా పెరిగింది. కానీ కారు వేరు, ట్రాక్టర్ వేరు. కారు ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేసేది అప్పుడప్పుడే. దమ్ము చేసే ట్రాక్టర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూర్తి లోడు మీదే తిరుగుతుంది. ఈ తేడాను దృష్టిలో ఉంచుకుని నిర్ణయం తీసుకోవాలి.

పవర్ తగ్గిందా, పని పెరిగిందా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గతంలో ఇదే పొలంలో, ఇదే పనిముట్టుతో, ఇదే గేరులో బండి బాగా లాగి, ఇప్పుడు లాగకపోతే ఇంజిన్ పవర్ తగ్గినట్లు. అలా కాకుండా 4 అడుగుల రోటవేటర్ తీసేసి 5 లేదా 6 అడుగులది కొన్నాక లాగడం లేదంటే ఇంజిన్‌లో లోపం లేదు, పని పెరిగింది. మొదటి దానికి మరమ్మతు చేయించాలి. రెండో దానికి పనిముట్టు గురించి ఆలోచించాలి. ఈ రెండింటిలో దేనికైనా టర్బో మొదటి మందు కాదు.

సాధారణంగా 30–35 హెచ్‌పీ ట్రాక్టర్‌కు 4 అడుగులు, 40–45 హెచ్‌పీకి 5 అడుగులు, 50 హెచ్‌పీకి 6 అడుగుల రోటవేటర్ సరిపోతుంది. నల్లరేగడిలో, లోతు ఎక్కువ పెట్టినప్పుడు ఇంకొంచెం తగ్గించుకోవాలి. బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజిన్‌ది. రోటవేటర్‌ను తిప్పే పిటిఓ దగ్గరికి అందులో సుమారు 85 శాతమే చేరుతుంది. 39 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పిటిఓ వద్ద దొరికేది 33 హెచ్‌పీ అనుకోండి.

తగ్గిన పవర్‌ను వెనక్కి తెచ్చుకోవడం

తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పనులు వరుసగా చేయించండి.

1. ఎయిర్ క్లీనర్ శుభ్రం చేయాలి. దుమ్ము పట్టిన క్లీనర్ వల్ల గాలి అందక నల్లపొగ వస్తుంది, పవర్ తగ్గుతుంది.
2. డీజిల్ ఫిల్టర్లు మార్చాలి. ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి తీయించాలి.
3. నాజిళ్లను టెస్టింగ్ సెంటర్‌లో పరీక్ష చేయించాలి. చినుకులా కారే నాజిల్ డీజిల్‌ను వృథా చేయడమే కాక పిస్టన్ తలను కాల్చేస్తుంది.
4. వాల్వుల గ్యాప్, పంపు టైమింగ్ కంపెనీ చెప్పిన కొలతల ప్రకారం పెట్టించాలి.
5. క్లచ్ జారుతోందేమో చూడాలి. ఇంజిన్ అరుస్తూ ఉండి బండి ముందుకు పోకపోతే లోపం ఇంజిన్‌ది కాదు.
6. టైర్ల అరుగుదల, గాలి, బరువులు చూడాలి. చక్రం 15 శాతానికి మించి జారుతుంటే ఎంత పవర్ ఉన్నా మట్టిలోనే పోతుంది.

పొగ రంగు కూడా సంగతి చెబుతుంది. నల్లపొగ అంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రింగులో లైనర్లో అరిగాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదు లేదా నీరు సిలిండర్‌లోకి వస్తోంది. బ్రీదర్ పైపు నుంచి పొగ జోరుగా వస్తుంటే కంప్రెషన్ కిందికి జారుతున్నట్లే. అలాంటి ఇంజిన్‌కు టర్బో గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

టర్బో ఏం చేస్తుంది?

ఇంజిన్ పవర్ డీజిల్ నుంచి వస్తుంది. కానీ ఎంత డీజిల్ మండాలన్నది గాలి నిర్ణయిస్తుంది. 2,500 సీసీ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం వద్ద గంటకు సుమారు 145 కిలోల గాలి పీలుస్తుంది. పొగ రాకుండా మండాలంటే కిలో డీజిల్‌కు సుమారు 20 కిలోల గాలి కావాలి. అంటే గంటకు 7 కిలోల పైచిలుకు, దాదాపు 8.5 నుంచి 9 లీటర్ల డీజిల్ మాత్రమే శుభ్రంగా మండుతుంది. దాని నుంచి వచ్చేది 38–39 హెచ్‌పీ. ఆ సైజు ఇంజిన్లకు అంత హెచ్‌పీ రావడానికి కారణం ఇదే.

టర్బో అంటే సైలెన్సర్‌కు పోయే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. అది మరో చక్రాన్ని తిప్పి గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. మామూలు వాతావరణ పీడనానికి పైన సగం బార్ ఒత్తిడి పెంచితే, గాలి వేడెక్కడం వల్ల కొంత పోగా సుమారు 30 శాతం ఎక్కువ గాలి అందుతుంది. దానికి తగ్గట్టు డీజిల్ పెంచితే 39 హెచ్‌పీ ఇంజిన్ నుంచి 50 దాకా వచ్చే అవకాశం ఉంటుంది. డీజిల్ పెంచకుండా టర్బో ఒక్కటే బిగిస్తే పొగ తగ్గుతుంది గాని పవర్ పెద్దగా పెరగదు. టర్బో లేకుండా పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఒక్కటే పెంచితే నల్లపొగ, వేడి పెరుగుతాయి. కొందరు చేయించుకుంటున్నది ఈ చివరిదే. అన్నింటిలోకీ హానికరమైనది కూడా ఇదే.

భారం ఎక్కడ పడుతుంది?

కంపెనీలు కూడా టర్బో ట్రాక్టర్లు అమ్ముతున్నాయి కదా అని అడుగుతారు. నిజమే. అయితే ఆ ఇంజిన్లలో పిస్టన్లు వేరు, చాలావాటిలో పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు ఉంటాయి, ఆయిల్ పంపు, రేడియేటర్, హెడ్ గ్యాస్కెట్ అన్నీ ఆ లెక్కన ఉంటాయి. మామూలు ఇంజిన్‌లో ఇవి ఉండవు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అంతకు చాలా ముందే దాని బలం తగ్గిపోతుంది. గంటల తరబడి లోడు మీద నడిచే బండిలో ముందు దెబ్బతినేది పిస్టన్ తల, హెడ్ గ్యాస్కెట్, బేరింగులు.

ఇంజిన్ తట్టుకున్నా దాని వెనక క్లచ్, గేర్‌బాక్స్, పిటిఓ షాఫ్ట్, వెనక యాక్సిల్ పాత హెచ్‌పీకి చేసినవే. మా ప్రాంతంలో ఒక రైతు పంపు పెంచి రెండు సీజన్లు బాగానే నడిపారు. మూడో ఏడాది దమ్ముల మధ్యలో పిస్టన్ కాలి ఇంజిన్ ఆగింది. మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు, నారు ముదురుతుండగా వేరే బండి కోసం తిరగడం ఇంకో ఎత్తు. సాగులో యంత్రం ఎప్పుడు ఆగుతుందన్నది ఎంత ఖర్చైందన్న దానికంటే ముఖ్యం.

ఇంజిన్ మార్చడం

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి అదే కంపెనీ, అదే మోడల్ ఇంజిన్ బిగించడం. బ్లాకు పగిలినా, క్రాంక్ షాఫ్ట్ బాగు చేయలేనంత అరిగినా ఇది సరైన మార్గం. అంత నష్టం లేకపోతే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి ఇంజిన్ పని చేయించుకోవడమే చవక. ఈ రెండింటితో పాత పవర్ వస్తుంది గాని అదనపు పవర్ రాదు.

రెండోది వేరే పెద్ద ఇంజిన్ ఎక్కించడం. కారులో ఇంజిన్ ఛాసిస్ మీద కూర్చుంటుంది. చాలా ట్రాక్టర్లలో ఇంజినే ఛాసిస్. ముందు యాక్సిల్ భారం ఇంజిన్ ముందు భాగం మీద, వెనక క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ ఇంజిన్‌కు బోల్టులతో బిగించి ఉంటాయి. వేరే ఇంజిన్ పెట్టాలంటే అడాప్టర్ ప్లేటు చేయించాలి, ఫ్లైవీల్ సరిచూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ షాఫ్ట్ బేరింగులు పోతాయి. లోడు ట్రక్కుతో గట్టు ఎక్కేటప్పుడు ఆ బోల్టులు తెగితే బండి రెండు ముక్కలవుతుంది. మనిషి ప్రాణానికే ముప్పు. ఈ పని చేయించవద్దనే నా సలహా.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సవరించిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. అదే మోడల్ ఇంజిన్ వేసినా నంబరు మారుతుంది కాబట్టి బిల్లుతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి ఆర్‌సీలో నమోదు చేయించాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము దగ్గర, బండి అమ్మేటప్పుడు ఇబ్బంది వస్తుంది. వారంటీలో ఉన్న బండి అయితే టర్బో బిగించగానే ఇంజిన్ వారంటీ పోయినట్లే అనుకోవాలి.

ఒక చిన్న లెక్క

5 అడుగుల (1.5 మీటర్లు) రోటవేటర్ గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపులకు 20 శాతం తీసేయగా గంటకు 1.2 ఎకరాలు అవుతుంది. బండి లాగలేక వేగం 3 కిలోమీటర్లకు పడిపోతే 0.9 ఎకరమే. అదే బండికి 4 అడుగుల (1.2 మీటర్లు) రోటవేటర్ పెట్టి 4 కిలోమీటర్ల వేగంతో నడిపితే 0.95 ఎకరం అవుతుంది. అంటే చిన్న పనిముట్టుతో ఇంజిన్‌ను ఏడిపించకుండానే అంతకు తగ్గని పని జరుగుతుంది.

టర్బో వల్ల గంటకు 0.3 ఎకరం పెరుగుతుందనుకుందాం. ఏడాదికి 150 గంటలు రోటవేటర్ నడిపే రైతుకు 45 ఎకరాల అదనపు పని. ఆ 45 ఎకరాలు మీకు నిజంగా కిరాయికి దొరుకుతాయా? ఎకరా కిరాయిలో డీజిల్, డ్రైవర్ ఖర్చు పోగా ఎంత మిగులుతుంది? దాన్ని టర్బో, పంపు, క్లచ్ ఖర్చుతో పోల్చి కాగితం మీద రాసుకోండి. సొంత పది ఎకరాలకే బండి వాడేవారికి ఆ ఖర్చు తిరిగి రాదు.

ఎవరు ఏం చేయాలి?

• పాత పనిముట్టునే లాగలేకపోతే: పైన చెప్పిన ఆరు పరీక్షలు, అవసరమైతే ఇంజిన్ పని.
• పెద్ద పనిముట్టు కొన్నాక లాగకపోతే: తగిన సైజుకు మారడం, లోతు తగ్గించి రెండు సాళ్లు వేయడం.
• బ్లాకు పోతే: అదే మోడల్ ఇంజిన్, ఆర్‌సీలో నమోదు.
• ఏడాదిలో కొద్ది రోజులే ఎక్కువ పవర్ కావాలంటే: ఆ రోజులకు పెద్ద ట్రాక్టర్ కిరాయికి తీసుకోవడం.
• ఏడాది పొడవునా కిరాయి పని ఉంటే: పాతది అమ్మి, కంపెనీయే టర్బోతో ఇచ్చిన ఎక్కువ హెచ్‌పీ ట్రాక్టర్ కొనడం. కొనేముందు మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ నివేదికలో పిటిఓ హెచ్‌పీ ఎంత ఉందో డీలరును అడగండి.

టర్బో బండి ఉన్నవారికి జాగ్రత్తలు

టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దాన్ని కాపాడేది ఇంజిన్ ఆయిలే. స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ ఇవ్వవద్దు. పని అయ్యాక రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపండి. ఆయిల్, ఫిల్టర్ సమయానికి మార్చండి. టర్బో సీలు పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి అదుపు తప్పి రేసు అవుతుంది. అప్పుడు డీజిల్ ఆపినా ఆగదు. గాలి పీల్చే దారిని చెక్కతోనో రేకుతోనో మూసి ఆపాలి, చేయి అడ్డం పెట్టకూడదు. ఇంజిన్ మరీ జోరుగా తిరుగుతుంటే దగ్గరికి వెళ్లకుండా దూరంగా జరగాలి.

ట్రాక్టర్ నడపడం, నిర్వహణ గురించి నేర్చుకోవాలనుకునే యువ రైతులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ పొందవచ్చు. ఏ మార్పు చేయించాలన్నా దమ్ములకు వారం ముందు కాకుండా వేసవిలోనే, పని లేని రోజుల్లో పరీక్షలు చేయించుకుని నిర్ణయం తీసుకోండి. సీజన్ ముంగిట తొందరపడి పెట్టిన ఖర్చు సీజన్ మధ్యలో దెబ్బ తీస్తుంది.