బొటనవేలు చెప్పే కబురు

ఏమర్రా, చేలల్లో నీళ్లు పెట్టి నాట్లేసే రోజులొస్తే దివిసీమ గట్ల మీద ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. బొరియల్లోకి నీళ్లొస్తే పాములూ గట్టెక్కుతాయి. 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎంత పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. గుడిలో ఏం చేశారో అందరికీ తెలుసు. ఆసుపత్రిలో ఏం చూస్తారో నేను చెబుతాను.

రక్తపింజర దెబ్బ రక్తం మీద. కాస్త రక్తం గాజుగొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు, గడ్డకట్టిందా లేదా అని. నాగుపాము, కట్లపాము దారి వేరు. నరమూ కండరమూ కలిసేచోట కాపు కాస్తాయి. లైన్లో కరెంటుంది, మోటారు బాగానే ఉంది, మధ్యలో స్టార్టరు పట్టుకోవడం లేదు. అదీ పరిస్థితి.

ముందు రెప్పలు వాలతాయి. అందుకే డాక్టరు పైకి చూడమంటాడు, తల దిండు మీంచి ఎత్తి ఉంచమంటాడు, ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టమంటాడు. గంటగంటకీ ఆ లెక్క తగ్గుతోందంటే ఊపిరి కండరాలు చేతులెత్తేస్తున్నట్టే. ఇంకా ఆలస్యం చేయకుండా కరకట్ట దారిన బెజవాడకో, వెంటిలేటరున్న మరో చోటికో చేర్చాలి.

నియోస్టిగ్మిన్, అట్రోపిన్ కలిపి ఇస్తే నాగుపాము కాటులో రెప్పలు లేచే అవకాశం ఎక్కువ. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. యాంటీవీనం రక్తంలో తిరిగే విషాన్ని పడుతుంది గానీ పాడైన కొసను బాగుచేయలేదు. కొసలు కోలుకునేదాకా మిషనే ఊపిరి పోయాలి.

ఐసీయూలో నరాన్ని నేరుగా అడిగే పద్ధతి కూడా ఉంది. మణికట్టు దగ్గర, చిటికెనవేలు వైపు రెండు స్టిక్కర్లు అంటించి, అర సెకనుకొకటి చొప్పున నాలుగు చిన్న షాకులిస్తారు. నరమూ కండరమూ కలిసే ఆ సంధి బాగుంటే బొటనవేలు నాలుగుసార్లూ ఒకే బలంతో లోపలికి లాగుతుంది. మూసుకుపోతున్నకొద్దీ లాగుడు తగ్గుతుంది, పూర్తిగా మూసుకుపోతే వేలు కదలదు. 1970లో లివర్‌పూల్‌లో అలీ, అటింగ్, గ్రే మత్తు డాక్టర్ల కోసం దీన్ని చెప్పారు. కండరాలు వదులు చేసే మందులిచ్చిన రోగుల దగ్గర ఇప్పటికీ దీన్నే వాడతారు.

విషం దిగినా కథ అయిపోదు. జబ్బు తీవ్రంగా ఉండి రోజుల తరబడి వెంటిలేటరు మీదున్నవాళ్లకి నరాలూ కండరాలూ వాటంతటవే బలహీనపడవచ్చు. మెలకువ వచ్చాక భుజం, మోచేయి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ రెండు వైపులా కదిలించమని, ఒక్కోదానికి 5 మార్కుల దాకా వేస్తారు. మొత్తం 60. 48 కన్నా తగ్గితే ఐసీయూ నీరసం కిందే లెక్క, ఫిజియోథెరపీ గట్టిగా చేయించాలి.

అసలు మాట ఇది. కట్లపాము కాటుతో పూర్తిగా పడిపోయిన మనిషికి రెప్ప లేవదు, కంటిపాప వెలుతురుకు కదలకపోవచ్చు. మెదడు మాత్రం పనిచేస్తూనే ఉండొచ్చు, మీ మాట వినిపిస్తూనే ఉండొచ్చు. అందుకని ఆ మంచం పక్కన నిలబడి 'ఇంక లాభం లేదు' అనకండి. మీరెవరో చెప్పండి, ఇవాళ ఏ వారమో చెప్పండి, డాక్టర్లు ఏం చేస్తున్నారో చెప్పండి.