సంకెళ్లు తెంచుకున్న మాట... తిట్టయింది!

ఇంగ్లిషులో ఎవరినైనా 'లిబర్టైన్' అన్నారంటే, నీతీ నియమం లేని భోగలాలసుడని అర్థం. కానీ రెండువేల ఏళ్ల కిందట రోములో ఆ మాటకు అర్థమే వేరు. బానిసత్వం నుంచి విడుదలైనవాడు అని!

లాటిన్‌లో 'లిబర్' అంటే స్వతంత్రుడు. యజమాని వదిలిపెట్టిన బానిసను 'లిబర్టీనస్' అనేవారు. విడుదలకు గుర్తుగా అతను తలకు ఉన్ని టోపీ పెట్టుకునేవాడు. స్వేచ్ఛ వచ్చినా పెద్ద పదవులకు మాత్రం అర్హుడు కాదు. ప్రసిద్ధ కవి హోరెస్ తండ్రి అలా విడుదలైనవాడే. ఆ సంగతిని హోరెస్ దాచుకోలేదు సరికదా, తన కవితల్లోనే చెప్పుకున్నాడు. తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో కనిపించే 'లిబెర్తీనులు' కూడా ఈ కోవలోని వాళ్లేనని పండితులు చెబుతారు.

మరి తిట్టుగా ఎప్పుడు మారింది? 16వ శతాబ్దంలో. జెనీవాలో మతగురువు జాన్ కాల్విన్ కఠిన నియమాలు పెట్టాడు. వాటిని ఎదిరించినవాళ్లకు ఆయన వర్గం తగిలించిన పేరే లిబర్టైన్లు. 1555లో వాళ్లు ఓడిపోయారు... పేరు మిగిలిపోయింది. ఆ తర్వాత ఫ్రాన్సులో మతాన్ని ప్రశ్నించినవాళ్లకూ అదే ముద్ర. 1623లో కవి తియోఫిల్ ద వియోకు మరణశిక్ష వేశారు. చివరికది దేశ బహిష్కారంగా మారింది. ఆలోచనలో కట్టు తెంచుకున్నవాడు నడతలోనూ తెంచుకుంటాడన్నది నాటి పెద్దల లెక్క.

ఆ లెక్కకు సరిపోయే మనుషులూ ఉన్నారు. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కొలువులోని కవి రోచెస్టర్ ప్రభువు తాగుడుకీ విలాసాలకీ పేరుమోసి, 1680లో 33 ఏళ్లకే కన్నుమూశాడు. 2004లో జానీ డెప్ ఆయన పాత్ర వేసిన సినిమా పేరూ 'ద లిబర్టైన్'!

తెలుగులో ఈ మాటకు దగ్గరగా వచ్చేది 'విశృంఖలుడు'. శృంఖల అంటే సంకెల. అది లేనివాడు విశృంఖలుడు. అంటే మన మాటలోనూ తెగిన సంకెల ఉంది! 'స్వైరిణి'కీ అసలు అర్థం తన ఇష్టప్రకారం నడిచేదనే. 'స్వైరి' అని మగవాళ్లకూ ఓ మాట ఉంది. అయితే అది నిఘంటువు దాటి బయటికొచ్చేది తక్కువ. తిట్టుగా వాడుకలో నిలిచింది ఆడవాళ్ల మాటే.